పదేళ్ల వారంటీ సూట్‌కేసు మొదటి ప్రయాణంలోనే విరిగింది, ఎవరిని అడగాలి?

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తూ, గుంటూరు షోరూమ్‌లో పేరున్న కంపెనీ పెద్ద సూట్‌కేసు 14,000 రూపాయలకు కొన్నాం. పదేళ్ల వారంటీ అన్నారు. శంషాబాద్‌లో ఎక్కి డాలస్‌లో దిగేసరికి ఒక చక్రం ఊడింది, ఒక మూల పగిలింది. ఆ హడావుడిలో అక్కడ ఎవరికీ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో తాడు కట్టి తెచ్చాం. మూడు నెలల తర్వాత షోరూమ్‌లో చూపిస్తే, ‘ఎయిర్‌లైన్ వాళ్లు పడేస్తే మేమేం చేస్తాం’ అన్నారు. కేసు వేయొచ్చా? అల్లుడికీ అదే బ్రాండు కొందామనుకున్నాం, కొనొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు రాసిన బ్రాండు పేరు ఇక్కడ వేయడం లేదు. ఎందుకంటే ఈ గొడవ ఏ ఒక్క కంపెనీదో కాదు. సూట్‌కేసుల వారంటీ సాధారణంగా తయారీ లోపానికే ఉంటుంది. వాడకంలో అరిగినా, విమానంలో దెబ్బ తిన్నా వర్తించదని కార్డులో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

పోనీ ఎయిర్‌లైన్‌ను అడుగుదామంటే, అంతర్జాతీయ ప్రయాణాలకు మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. సామాను చేతికొచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మీ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. సామానులో మొదటి నుంచీ ఉన్న లోపం వల్ల పాడైతే ఎయిర్‌లైన్‌కు బాధ్యత లేదని అదే ఒప్పందం చెబుతోంది. అంటే కంపెనీ ఎయిర్‌లైన్ మీదికి నెడుతుంది, ఎయిర్‌లైన్ కంపెనీ మీదికి నెడుతుంది. మధ్యలో మీరు తాడు పట్టుకుని నిలబడ్డారు.

అయినా కంపెనీ మీద దారి పూర్తిగా మూసుకుపోలేదు. పగిలిన మూల సంగతి వదిలేయండి, అది దెబ్బ తగిలిందనే అంటారు, కాదని నిరూపించడం కష్టం. చక్రం మీదే పట్టు పట్టండి. దాని చుట్టూ గీత గానీ సొట్ట గానీ లేకుండా, స్క్రూలు పట్టు వదిలి ఊడి ఉంటే తయారీ లోపమని వాదించవచ్చు. మొదటి ప్రయాణంలోనే ఊడటం కూడా మీకు కలిసొచ్చే విషయం. దగ్గర నుంచి ఫొటోలు తీసి పెట్టుకోండి. ఈలోగా బయట రిపేరు చేయించకండి, చేయిస్తే సాక్ష్యం పోయినట్టే.

ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా కంపెనీలు అక్కడే దిగొస్తాయి. రాకపోతే షోరూమ్‌కూ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి కేసు వేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సమస్య తలెత్తిన రెండేళ్ల లోపు వేయాలి. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల వరకు ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు (లాయరునై ఉండి ఇది నేను చెప్పకూడదేమో!). అవసరమైతే కమిషన్ సూట్‌కేసును ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాల్సి రావచ్చు. అలాంటి కేసు 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. మీరు మాత్రం అంతకంటే ఎక్కువే పడుతుందనుకోండి.

‘పదేళ్ల వారంటీ’ అని పెద్దగా వేసి, కింద చిన్న అక్షరాల్లో దాన్ని కాదనే షరతు పెట్టిన ప్రకటన మీ దగ్గర ఉంటే జతచేయండి. ప్రధాన ప్రకటనకు విరుద్ధంగా షరతు ఉండకూడదని, తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022లో వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక అల్లుడి సూట్‌కేసు. బ్రాండు పేరు చూసి కొంటే పొరపాటే. సామ్సొనైట్, అమెరికన్ టూరిస్టర్ ఒకే కంపెనీవి. వీఐపీ, స్కైబ్యాగ్స్ ఇంకో కంపెనీవి. వారంటీ మోడల్‌ను బట్టి మారుతుంది. డబ్బు కట్టకముందే కార్డు తీయించి, చక్రాలు, హ్యాండిల్, జిప్పులకు వారంటీ ఉందో లేదో చదవండి. చక్రం స్క్రూలతో బిగించిందైతే మంచిది, పాడైతే మార్చుకోవచ్చు. 23 కిలోల ఆవకాయ, అప్పడాలు మోసేది ఆ చక్రాలే కదా.

ఈసారి బెల్టు మీద నుంచి దించగానే చుట్టూ చూడండి. విరిగి ఉంటే విమానాశ్రయం దాటకముందే ఎయిర్‌లైన్ బ్యాగేజీ కౌంటర్‌లో పీఐఆర్ (సామాను పాడైందని నమోదు చేసే పత్రం) రాయించి కాపీ తీసుకోండి. మీ పాత బిల్లు థర్మల్ కాగితమైతే ఇవాళే జిరాక్స్ తీయించండి, కొన్నాళ్లకు దాని మీద అక్షరాలు ఎగిరిపోతాయి.