టేలర్ సిరీస్ టేలరూ, పర్‌స్పెక్టివ్ టేలరూ ఒక్కరే. ఆయన బొమ్మలకి ఏం చేశాడంటే...

ప్రశ్న: "టేలర్ సిరీస్ టేలర్, పర్‌స్పెక్టివ్ మీద పుస్తకం రాసిన టేలర్ ఒక్కరేనా? లెక్కల మనిషి వల్ల బొమ్మలు గీసేవాళ్ళకి ఒరిగిందేమిటి?"

ఒక్కరే. బ్రూక్ టేలర్, 1685లో పుట్టి 1731లో పోయిన ఇంగ్లండు గణితవేత్త. ఇంజనీరింగ్‌లో మనమంతా చదివే టేలర్ సిరీస్ ఉన్న గ్రంథమూ, పర్‌స్పెక్టివ్ (అంటే దగ్గరా దూరం తెలిసేలా, కంటికి కనిపించినట్టే గీయడం) మీద 'లీనియర్ పర్‌స్పెక్టివ్' అనే చిన్న పుస్తకమూ రెండూ 1715లోనే అచ్చయ్యాయి. అప్పుడాయన రాయల్ సొసైటీ కార్యదర్శి. 1719లో ఆ రెండో పుస్తకాన్నే తిరగరాసి 'న్యూ ప్రిన్సిపుల్స్' పేరుతో మళ్ళీ వేశాడు. పర్‌స్పెక్టివ్ గీయడానికి ఆ సిరీస్‌తో పనిలేదు, అక్కడ కావలసిందంతా జ్యామితే. టేలర్ స్వయంగా బొమ్మలు వేసేవాడు కూడా.

ఇక ఒరిగిందేమిటన్నది. నేను చాలాకాలం రాజమండ్రిలో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నాను. ఇల్లు కట్టించుకునేవాళ్ళకి చూపించే వ్యూలు అప్పట్లో చేత్తోనే గీసేవాళ్ళం. అందుకని బోర్డు మీద పని ఎలా మారిందో చెప్తే మీకు బాగా అర్థమవుతుంది.

మనకి డ్రాయింగ్ క్లాసులో నేర్పేది ఏమిటి? కంటి ఎత్తులో హొరైజన్ లైన్ గీయి, దాని మీద రెండు వానిషింగ్ పాయింట్లు (సమాంతర గీతలు దూరాన కలిసినట్టు కనిపించే బిందువులు) పెట్టు, గోడల గీతలన్నీ అక్కడికి లాగు. డాబా ఇంటికి ఇది చక్కగా సరిపోతుంది. పెంకుటిల్లు వచ్చిందనుకోండి, కప్పు వాలుగా ఉంటుంది. ఆ వాలు గీతలు హొరైజన్ మీద ఎక్కడా కలవవు. అప్పుడేం చేస్తాం? పక్కగోడకి అడ్డంగా ఇంటూ మార్కు వేసి, మధ్య బిందువు పట్టుకుని, నిలువుగా పైకి లేపి, కొప్పు ఎత్తు కొలిచి కలుపుతాం. ఒక కప్పుకైతే ఫరవాలేదు. నాలుగువైపులా లోపలికి వాలే మండువా లోగిలికి అలా చేస్తే కాగితమంతా సహాయక గీతలతో నిండిపోయి అసలు గీత ఏదో కనబడదు.

టేలర్ చేసిన పని సరిగ్గా ఇక్కడే. హొరైజన్‌కి పెద్దపీట వేయడం వల్ల, నేర్చుకునేవాడు నేలకి సమాంతరంగా ఉండే తలానికే ఏదో ప్రత్యేక హక్కు ఉందని భ్రమపడతాడని ఆయన ముందుమాటలోనే చెప్పాడు. ఆయన దృష్టిలో తలాలన్నీ ఒకటే. నియమం కూడా ఒకటే: ఏ గీత అయినా సరే, దానికి సమాంతరంగా కంటి నుంచి ఇంకో గీత గీయండి. అది పిక్చర్ ప్లేన్‌ని (కంటి ముందు గాజుపలకలా ఉందనుకునే బొమ్మ తలాన్ని) ఎక్కడ తాకితే అదే వానిషింగ్ పాయింట్. తలమైతే, దానికి సమాంతరంగా కంటిగుండా ఇంకో తలం ఊహించుకోండి. అది పిక్చర్ ప్లేన్‌ని కోసే గీతే దాని వానిషింగ్ లైన్. ఈ లెక్కన హొరైజన్ అంటే నేల తాలూకు వానిషింగ్ లైన్, అంతే. కప్పుకి ఇంకోటుంటుంది, మెట్ల వాలుకి మరోటి.

అంకెలతో చూడండి. కంటికీ పిక్చర్ ప్లేన్‌కీ మధ్య 30 సెం.మీ. దూరం, ఇల్లు 45 డిగ్రీలు తిరిగి ఉంది అనుకుందాం. రెండు వానిషింగ్ పాయింట్లూ మధ్య బిందువుకి అటూ ఇటూ 30 సెం.మీ. దూరంలో పడతాయి. కంటి నుంచి ఒక్కో పాయింటుకి దూరం 42.4 సెం.మీ. ఆ పాయింటు కేంద్రంగా ఆ దూరాన్ని కంపాస్‌తో హొరైజన్ మీదికి తిప్పి, అక్కడి నుంచి కప్పు వాలు ఎంతో అంత కోణంలో, మాటవరసకి 30 డిగ్రీలు, గీత లాగండి. వానిషింగ్ పాయింటు మీదుగా వేసిన నిలువు గీతని అది 24.5 సెం.మీ. ఎత్తులో తాకుతుంది. మనకి దూరంగా పైకి లేచే వాసాలన్నీ అక్కడికే పోతాయి. కొప్పు దాటి అవతలికి దిగే వాసాలు హొరైజన్‌కి సరిగ్గా అంతే కిందన కలుస్తాయి. చూరు గీతల వానిషింగ్ పాయింటునీ, ఈ వాసాల పాయింటునీ కలిపారంటే ఆ కప్పు వానిషింగ్ లైన్ చేతికొచ్చినట్టే. ఆ తర్వాత ఆ కప్పు మీద పెంకుల వరస గీసినా, సోలార్ పలకని ఐమూలగా పెట్టినా, దాని అంచులు ఆ లైన్ మీదే ఎక్కడో కలవాలి.

మాకు పెద్ద వరం మెట్ల దగ్గర దొరికింది. ఎక్కి, మలుపు తిరిగి, మళ్ళీ వెనక్కి ఎక్కే మెట్లు ఉంటాయి కదా, వాటికి పైన ఒకటి, కింద ఒకటి పాయింట్లు పెట్టుకుంటే మెట్ల అంచులూ, రెయిలింగూ అన్నీ స్కేలు కదిపినంత తేలిగ్గా వచ్చేవి. అంతకుముందు ఒక్కో మెట్టు ఎత్తూ విడిగా మోసుకొచ్చేవాళ్ళం. ఈ కిటుకు నాకు చెప్పింది మా ఆఫీసు పెద్దాయన. ఆయన టేలర్ పేరు ఎప్పుడూ ఎత్తలేదు. అది ఎవరి ఆలోచనో చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది.

అలాగని పర్‌స్పెక్టివ్ అంతా టేలరే కనిపెట్టాడని అనకూడదు. ఇటలీలో అల్బెర్టి 1435లోనే చిత్రకారుల పద్ధతిని రాసిపెట్టాడు. సమాంతర రేఖలన్నీ ఒకే బిందువు దగ్గర కలిసినట్టు కనిపించడాన్ని గ్విడోబాల్డో దెల్ మోంతే 1600లో జ్యామితితో నిరూపించాడు. టేలర్ ఆ దారినే చివరికంటా నడిచి, అన్ని దిశలకీ, అన్ని తలాలకీ, చివరికి వాల్చి పెట్టిన పిక్చర్ ప్లేన్‌కి కూడా అదే నియమం వర్తింపజేశాడు.

చిక్కల్లా ఆయన రాతతోనే. మరీ కుదించి రాశాడు. ఎవరి కోసం రాశాడో ఆ చిత్రకారులకే అర్థం కాదని ఆ కాలపు గణితవేత్త యోహాన్ బెర్నూలీ విమర్శించాడు, అది న్యాయమే. చిత్రకారుల దాకా దాన్ని తీసుకెళ్ళింది తర్వాతివాళ్ళు. జాషువా కర్బీ 1754లో టేలర్ పద్ధతిని సులభం చేస్తూ పుస్తకం వేశాడు. దానికి ముఖచిత్రం ఇంగ్లండు చిత్రకారుడు హోగార్త్ గీశాడు: కిటికీలోంచి వంగిన ఆవిడ చేతిలో కొవ్వొత్తి, ఎక్కడో దూరపు కొండమీది మనిషి దాంతో పైపు ముట్టించుకుంటుంటాడు! పర్‌స్పెక్టివ్ తెలియకపోతే ఏమవుతుందో చూపించడానికి వేసిన బొమ్మ అది. 1775లో థామస్ మాల్టన్ ఇదే దారిలో పెద్ద గ్రంథం తెచ్చాడు.

మీకు ఆసక్తి ఉంటే టేలర్ పుస్తకంలో ఉల్టా సమస్యల భాగం మాత్రం తప్పకుండా చూడండి. అంటే బొమ్మ ఇచ్చి, చూసే కన్ను ఎక్కడుండాలో కనుక్కోవడం. ఇది ఇప్పటికీ నా పనిలో ఉపయోగపడుతోంది. పాత ఇంటి ఫోటో మీద కొత్త అంతస్తు గీసి చూపించాలంటే, ముందు ఆ ఫోటోలో లంబంగా కలిసే రెండు గోడల వానిషింగ్ పాయింట్లు పట్టుకుంటాను. నిలువు గీతలు ఫోటోలో నిలువుగానే ఉంటే, పైనుంచి చూసిన ప్లానులో ఆ రెండు పాయింట్లూ వ్యాసంగా గీసిన అర్ధవృత్తం మీదే కెమెరా ఉండాలి. ఫోటో కత్తిరించనిదైతే దాని నడిబొడ్డు నుంచి లంబం లేపితే సరి, కెమెరా చోటు దొరుకుతుంది. ఆ చోటునే సాఫ్ట్‌వేర్‌లో కెమెరాకి ఇస్తే కొత్త అంతస్తు పాత గోడ మీద అతికినట్టు కూర్చుంటుంది.