మెమరీ కార్డును వెంటనే పక్కన పెట్టండి

ప్రశ్న: మాది హనుమకొండ. ఇక్కడి ఒక పర్యాటక సంస్థకు రూ. 62 వేలు కట్టి 2025 ఫిబ్రవరిలో స్నేహితుడితో కలిసి గుల్మార్గ్ వెళ్లాను. స్కీయింగ్ (కాళ్లకు పొడవాటి పలకలు, అంటే స్కీలు, కట్టుకుని మంచు వాలు మీద జారే ఆట) శిక్షణ, పరికరాల అద్దె ఆ ప్యాకేజీలోనివే. ఛాతీకి కట్టుకునే యాక్షన్ కెమెరా కొత్తగా కొని అంతా వీడియో తీశాను. రెండో రోజు, అంటే 9వ తేదీన, శిక్షకుడు మమ్మల్ని గొండోలాలో (తీగల మీద నడిచే కేబుల్ కారులో) పైనున్న కొంగ్‌దూరికి తీసుకెళ్లాడు. అక్కడి వాలులో నెమ్మదిగా దిగుతూనే పక్కకు పడ్డాను. స్కీ బూటును వదల్లేదు. మోకాలు మెలిపడి లిగమెంట్ తెగింది. వరంగల్‌లో ఆపరేషన్ జరిగింది. ఏడు నెలలు ఇంట్లోనే ఉన్నాను, చెల్లెలి పెళ్లి కుర్చీలో కూర్చొని చూశాను. రూ. 4 లక్షలకు పైగా ఖర్చయింది. చూస్తాం, చూస్తాం అంటూ వచ్చిన సంస్థ ఇప్పుడు ‘వీడియో మోజులో మీరే పడ్డారు, బాధ్యత మీదేనని సంతకం కూడా చేశారు’ అంటోంది. పడినప్పటి పన్నెండు నిమిషాల వీడియో నా దగ్గర ఉంది. అద్దె దుకాణంలో బూట్లు తొడుక్కోవడం వంటివి పనికిరావని చెరిపేసి, ఆ కార్డునే పెళ్లికి వాడాను. ఉన్న వీడియోలో ‘పర్వాలేదు, పైకి వెళదాం’ అని నేనన్న మాట వినిపిస్తుంది. ఆ ముక్క తీసేసి పోలీసులకు ఇచ్చి, ఫేస్‌బుక్‌లో కూడా పెడితే సంస్థ దారికి వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో నొప్పి గురించి ఉంది, పెళ్లి గురించి ఉంది, సంస్థ మాట మార్చడం గురించి ఉంది. కేసును తేల్చే సంగతి మాత్రం లేదు. అద్దె దుకాణంలో మీ బరువు ఎంతని ఎవరైనా అడిగారా?

స్కీని బూటుకు పట్టి ఉంచే బిగింపును బైండింగ్ అంటారు. పడినప్పుడు అది బూటును వదిలేయాలి. ఎంత బలం పడితే వదలాలో ముందే అమర్చి ఇస్తారు. దానికి మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, అతనికి ఎంత స్కీయింగ్ వచ్చో తెలియాలి. అమర్చిన అంకె బైండింగ్ మీద చిన్న గడిలో కనిపిస్తుంది. ముందు వచ్చిన ఆరితేరిన ఆటగాడికి బిగించినదే కొత్తవాడి కాలికి తగిలిస్తే, నెమ్మదిగా పడినప్పుడు అది వదలకపోవచ్చు. మీరు రాసిన తీరు అలాగే ఉంది. ఆ దుకాణంలో మీ కెమెరా నడుస్తోంది. ఎవరు ఏమి అడిగారో, ఏ అంకె మీద తిప్పారో, అసలు తిప్పారో లేదో అందులో రికార్డయి ఉండాలి. పనికిరాదని మీరు చెరిపేసింది అదే. ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్న మనిషి ఆ కార్డును పెళ్లికి వాడే ముందు ఒక్క న్యాయవాదిని అడిగి ఉండవలసింది. ఇది క్షమించదగ్గ అజాగ్రత్త కాదు.

అయినా ఆశ పూర్తిగా పోలేదు. కెమెరాలో చెరిపేసినా, మామూలు ఫార్మాట్ చేసినా సాధారణంగా పోయేది ఫైళ్ల పట్టిక మాత్రమే. కొత్త వీడియో వచ్చి దాని మీద పడేదాకా పాత సమాచారం కార్డులోనే ఉంటుంది. పెళ్లిలో ఎంతసేపు తీశారన్నదాన్ని బట్టి ఎంత మిగిలిందో తేలుతుంది. ఈరోజే కార్డు బయటకు తీయండి. కంప్యూటర్‌కో ఫోనుకో తగిలించి చూడాలన్న ఆత్రం వద్దు, చూడబోయి కొత్త సమాచారం రాయించేస్తారు. మైక్రో కార్డుకు, కొత్తగా ఏదీ రాయనివ్వని తాళం ఉండదు గనుక తాళం ఉన్న అడాప్టర్‌లో పెట్టి, తాళం వేసి, డేటా తిరిగి తీసే నిపుణుడికి ఇవ్వండి. ముందు కార్డుకు మక్కీకి మక్కీ ప్రతి తీయించి, వెతుకులాట ఆ ప్రతి మీదే చేయించండి. ఏమి దొరికింది, ఏమి దొరకలేదు అన్నది లిఖితపూర్వక నివేదికగా తీసుకోండి. కెమెరా యాప్ ద్వారా ఫోనులోకి ఏవైనా వచ్చాయేమో, క్లౌడ్ చందా ఉంటే అక్కడికి వెళ్లాయేమో కూడా చూడండి. కొన్ని కెమెరాలు ప్రతి వీడియోకూ తక్కువ నాణ్యత గల చిన్న ప్రతిని విడిగా రాస్తాయి. మాటలు వినడానికి అది చాలు.

ఇక మీరు అడిగిన కోత సంగతి. ఆ పని చేయకండి. ఆలోచన కూడా మానుకోండి. మీరు ఫిర్యాదు వేయవలసింది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అక్కడ నడిచేది న్యాయ విచారణే. అక్కడ తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. సాక్ష్యంగా రాకుండా ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం 241వ సెక్షన్ కింద వేరే నేరం. బాధితుడిగా వెళ్లి ముద్దాయిగా తిరిగి రావద్దు.

పైగా ఆ మాట మీకు చేసే చెరుపు ఏముంది? రెండో రోజు శిష్యుడు ఉత్సాహపడతాడు. పైకి తీసుకెళ్లాలో వద్దో తేల్చవలసినవాడు, డబ్బు తీసుకున్న శిక్షకుడు. మీ మాట తర్వాత అతను ఏమన్నాడో వినండి. ‘ఏమీ కాదు, నేనున్నాను’ వంటి మాట ఉంటే మీ కేసుకు అదే ఆయువుపట్టు. ముందు మీ మాట లేకపోతే అతని జవాబు తోకలేని గాలిపటం. వాళ్లు హిందీలో మాట్లాడి ఉంటారు, మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయించి అనువాదంతో జతచేయండి.

వాట్సాప్‌లో పంపిన వీడియో, పాట కలిపిన వీడియో నాకు అక్కర్లేదు. పంపేటప్పుడు అది కుదించుకుపోతుంది, తేదీ వంటి లోపలి వివరాలు పోతాయి. అసలు ఫైలే కావాలి. దానితోపాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువీకరణ పత్రం ఇవ్వండి. ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తు, అందులో ఉండాలి. కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకోకపోవచ్చు, కానీ ఎదుటి పక్షం మొదటి అభ్యంతరం దీని మీదే పెడుతుంది. బ్యాటరీ తీసినప్పుడు కెమెరా గడియారం వెనక్కి పోయి ఫైలు మీద తప్పుడు తేదీ పడి ఉండవచ్చు. ఉంటే దిద్దకండి. గొండోలా టికెట్టు, ఆ రోజు ఫోను చెల్లింపులు, ఫైల్లో జీపీఎస్ ఉంటే అది, తేదీని నిలబెడతాయి.

సరైన అమరిక ఉన్న బైండింగ్ కూడా ప్రతి మోకాలి గాయాన్నీ ఆపలేదని వాళ్లు వాదిస్తారు. అది నిజం కూడా. అందుకే ఫిర్యాదును బైండింగ్ ఒక్కదాని మీదే నిలబెట్టకుండా, అనుభవం లేనివాణ్ణి పై వాలుకు తీసుకెళ్లడాన్ని కూడా సేవాలోపంగా చూపండి. మీ సంతకం ఆటలో సహజంగా ఉండే ప్రమాదాలకే గానీ వాళ్ల నిర్లక్ష్యానికి వర్తించదని వాదిద్దాం. డిశ్చార్జి పత్రంలో గాయం ఎలా అయిందని రాశారో ఈరోజే చదవండి. అక్కడ వేరే కారణం ఉంటే నాకు ముందే చెప్పాలి.

కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. మీ విషయంలో అది ప్రమాదం జరిగిన రోజు నుంచే నడుస్తోందని లెక్క పెట్టుకోండి. ‘చూస్తాం’ అంటూ సంస్థ నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు దాన్ని పొడిగించవు. 2027 ఫిబ్రవరి మొదటి వారం దాటనివ్వకండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, సరైన కారణం చూపాలి, సంస్థ మాట నమ్మి కూర్చున్నానంటే సరిపోతుందని నేను భరోసా ఇవ్వలేను.

శ్రీనగర్ దాకా వెళ్లనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం నడిపే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. మీరు కట్టినది 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. సంస్థతోపాటు అద్దె దుకాణాన్నీ శిక్షకుణ్ణీ ప్రతివాదులుగా చేర్చండి. శిక్షణ, అద్దె ప్యాకేజీలోవేనని చూపే బిల్లు తప్పనిసరి. ముందుగా నోటీసు ఇచ్చి అద్దె రిజిస్టరును భద్రపరచమని అడగండి, అందులో మీ బరువు గడి ఖాళీగా ఉంటే అదే మనకు సాక్ష్యం. పోలీసు స్టేషన్, ఫేస్‌బుక్ రెండూ ప్రస్తుతానికి వద్దు, రెండోది పరువునష్టం కేసు తెచ్చిపెట్టవచ్చు.

మీతో వచ్చిన స్నేహితుడు కూడా ఆ దుకాణంలోనే బూట్లు తొడుక్కున్నాడు కదా. అతన్ని బరువు అడిగారా, మిమ్మల్ని అడగడం విన్నాడా? గుర్తున్నది గుర్తున్నట్టు అతని చేత ఈ వారంలోనే అఫిడవిట్ రాయించండి. కార్డులో ఏమీ దొరకకపోతే మనకు మిగిలే సాక్షి అతనే.