ఇరుకులో బోల్టు తిప్పడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరం విద్యార్థిని. ఇరుకు సందుల్లోని బోల్టులను తిప్పే చేతి పనిముట్టు ఒకటి ప్రాజెక్టుగా తయారు చేస్తున్నాను. నేను ఎంచుకున్నది ఎం6 బోల్టు (మర వ్యాసం 6 మి.మీ.). దాని తలకు 10 మి.మీ. స్పానర్ పడుతుంది. 150 మి.మీ. పొడవున్న పిడి పెట్టి చూస్తే, గొట్టానికీ గోడకూ మధ్య దాని చివర 25 మి.మీ. మేర మాత్రమే కదులుతోంది. రాచెట్‌లో (ముందుకు తిప్పితే బోల్టును తిప్పుతూ, వెనక్కి తెస్తే పళ్ళ మీద టిక్కుటిక్కుమంటూ జారే అమరికలో) పళ్ళు ఎంత ఎక్కువైతే అంత మేలంటున్నారు కాబట్టి టిక్కుకు 3 డిగ్రీలే తీసుకునే రాచెట్ పెడదామనుకుంటున్నాను. అది సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది. కాని దానివల్ల మీరనుకున్నంత లాభం రాదు. ఎందుకు రాదో గమనిస్తే మీ నమూనా రూపమే మారవచ్చు.

ముందు ఆ 25 మి.మీ.ను డిగ్రీల్లోకి మార్చుకోవాలి. 150 మి.మీ. పొడవు మీద అది సుమారు తొమ్మిదిన్నర డిగ్రీలు. ఆరు పలకల బోల్టు తల 60 డిగ్రీలు తిరిగితే గాని మళ్ళీ మొదటి రూపానికి రాదు కనుక, నోరు తిన్నగా ఉన్న స్పానర్‌ను తీసి మళ్ళీ వేయాలంటే ప్రతిసారీ అన్ని డిగ్రీలూ తిప్పవలసిందే. మామూలు ఓపెన్ ఎండ్ స్పానర్ల నోరు పిడికి 15 డిగ్రీలు వాలి ఉండేది ఇందుకే: ఒకసారి తిప్పి, స్పానర్‌ను బోర్లించి మళ్ళీ వేస్తే 30 డిగ్రీల జాగాలోనే పని జరుగుతుంది. చూడగానే తయారీలో దొర్లిన పొరపాటులా అనిపించే ఆ వంపు, నా దృష్టిలో, చేతి పనిముట్లలోకెల్లా పొదుపైన ఆలోచన. బోల్టు తలను చుట్టూ పట్టే పన్నెండు మూలల రింగ్ స్పానర్‌కు కావలసిందీ 30 డిగ్రీలే. మీకు అందులో మూడో వంతే ఉంది కాబట్టి రాచెట్ తప్పదు.

రాచెట్‌కు 36 పళ్ళుంటే టిక్కుకు 10 డిగ్రీలు, 72 ఉంటే 5, 120 ఉంటే 3. లెక్క సరైనదే. అయితే బోల్టు మీద పెట్టేసరికి దీనికి మరొక అంకె వచ్చి కలుస్తుంది, అది వదులు. సాకెట్ (బోల్టు తలను గిన్నెలా కప్పి పట్టే ముక్క) బోల్టు తల మీదికి సులువుగా ఎక్కాలంటే కొంత ఖాళీ ఉండక తప్పదు. ఎదురెదురు పలకల కొలతలో తలకూ సాకెట్‌కూ 0.2 మి.మీ. తేడా ఉందనుకోండి. రెండు మూడు వెంట్రుకల మందమైన ఆ తేడాకే సాకెట్ అటు 2 డిగ్రీలు, ఇటు 2 డిగ్రీలు, మొత్తం 4 డిగ్రీలు ఊగుతుంది. పిడిని వెనక్కి తెచ్చేటప్పుడు రాచెట్ లోపలి రాపిడి సాకెట్‌ను ముందు ఆ 4 డిగ్రీలూ వెనక్కి లాగుతుంది; అది అక్కడ ఆనిన తరువాతే పన్ను దాటి టిక్కుమంటుంది. అంటే నిజంగా కావలసిన జాగా 36 పళ్ళకు 14 డిగ్రీలు, 72 పళ్ళకు 9, 120 పళ్ళకు 7. 72 నుంచి 120కి వెళితే మీకు దక్కేది 2 డిగ్రీలు, అంటే పిడి చివర 5 మి.మీ. మాత్రమే. ఇక సాకెట్ కూర్చునే చదరపు మొన దగ్గరా, యూనివర్సల్ జాయింట్ (ఏ వైపుకైనా వంగే అతుకు) వాడితే అక్కడా వదులు కలుస్తూనే పోతుంది.

కాబట్టి పళ్ళు పెంచే ముందు అతుకులు తగ్గించండి. రింగ్ లోపలే రాచెట్ ఇమిడి, బోల్టు తలను నేరుగా పట్టే రకం ఎంచుకుంటే చదరపు మొన, దాని వదులు రెండూ పోతాయి. బోల్టు పైన కావలసిన ఎత్తు కూడా బాగా తగ్గుతుంది. పళ్ళను మరీ సన్నం చేస్తే ఒక్కో పన్ను మోయగల భారం పడిపోతుందన్నది మరిచిపోకూడదు. 120 స్థానాలున్న (చుట్టుకు 120 సార్లు టిక్కుమనే) రాచెట్లలో కొన్నింటికి ఉండేవి 60 పళ్ళే. సగం పంటి తేడాతో అమర్చిన రెండు కొక్కేలు పళ్ళను వంతులవారీగా పట్టుకుంటాయి. పన్ను మందంగానే ఉండి, టిక్కు మాత్రం 3 డిగ్రీలకు దిగుతుంది.

పిడిని కుదించడం మరొక దారి. అడ్డు తగిలేది పిడి చివరనే అయితే, 100 మి.మీ. పిడితో అదే 25 మి.మీ.లో 14 డిగ్రీలు దొరుకుతాయి. కాని 8.8 గ్రేడు (ఉక్కు బలాన్ని తెలిపే అంకె) ఎం6 బోల్టు బిగింపు టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 10 న్యూటన్ మీటర్లు, 150 మి.మీ. పిడి మీద దానికి 67 న్యూటన్ల బలం చాలు, 100 మి.మీ. పిడి మీద 100 కావాలి. గుప్పిట మూసి పట్టుకోగలిగితే అది పెద్ద బలం కాదు. రెండు వేళ్ళు మాత్రమే దూరే చోట అది చాలా ఎక్కువ. గొట్టం బోల్టుకు దగ్గరగా ఉండి పిడి మధ్యలో తగులుతుంటే, పిడి చివర కోసినా కోణం పెరగదు.

విద్యార్థులు తరచు వదిలేసేది ఇంకొకటి ఉంది. బోల్టు వదులయ్యాక దాన్ని పట్టి ఉంచే బిగువు పోతుంది. అప్పుడు పిడి వెనక్కి వస్తుంటే బోల్టూ దానితో పాటే వెనక్కి తిరుగుతుంది, టిక్కు వినిపించదు, ఎంత ఊపినా పని ముందుకు సాగదు. బయట అయితే బోల్టును వేలితో ఆపుతాము, ఇక్కడ ఆ వేలికి చోటు లేదు. కొక్కెం వెనక స్ప్రింగును పని చేసే మేరకు మెత్తగా పెట్టి, రింగ్ చుట్టూ వేలికొనతో తిప్పగలిగేలా గరుకు అంచు ఇస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

డ్రాయింగ్ వేసే ముందు అట్టముక్కతో పనిముట్టు ఆకారం కత్తిరించి, చేతికి గ్లౌజు వేసుకుని ఆ సందులో తిప్పి చూడండి. పిడికి జాగా ఉండి, వేళ్ళ కణుపులకు లేని సందర్భాలే ఎక్కువ.

ప్రశ్న: సాకెట్ దూరని చోట టార్క్ రెంచ్ (ఎంత టార్క్‌తో బిగిస్తున్నామో చూపే రెంచ్) చివర క్రోఫుట్ స్పానర్ (పిడి లేకుండా నోరు మాత్రమే ఉన్న స్పానర్ ముక్క) తగిలించి బిగిస్తున్నాను. రెంచ్ మీద చూపే అంకెను నమ్మవచ్చా?

జవాబు: తగిలించిన దిశను బట్టి ఉంటుంది. క్రోఫుట్ రెంచ్‌కు వరసగా ముందుకు ఉంటే పొడవు పెరుగుతుంది కనుక బోల్టు మీద పడే టార్క్ చూపే అంకె కన్నా ఎక్కువవుతుంది. చేయి పట్టే చోటి నుంచి రెంచ్ చదరపు మొన వరకు 250 మి.మీ., అక్కడి నుంచి బోల్టు మధ్య వరకు 50 మి.మీ. ఉందనుకుంటే, బోల్టుకు 30 న్యూటన్ మీటర్లు కావలసినప్పుడు రెంచ్‌ను 25 దగ్గర పెట్టాలి: 30ని 250తో గుణించి 300తో భాగిస్తే వచ్చేది అదే. క్రోఫుట్‌ను రెంచ్‌కు 90 డిగ్రీల అడ్డంగా పెడితే సవరణ అక్కరలేదు. చోటుంటే అలాగే పెట్టండి, లెక్క తప్పే భయం ఉండదు.

ప్రశ్న: గుండు మొన ఉన్న అలెన్ కీ (బోల్టు తలలోని ఆరు పలకల గుంటలో పెట్టి తిప్పే, వంచిన కడ్డీ) రెండుసార్లు విరిగింది. లోహం నాసిరకమా?

జవాబు: కావచ్చు, కాని ముందు వాడకాన్ని అనుమానించాలి. ఆ గుండు ఉన్నది కీని వాల్చి తిప్పడానికి. అలా వాలడం కోసమే గుండు వెనక మెడను సన్నగా చేస్తారు, విరిగేది అక్కడే. బిగుసుకున్న బోల్టును మామూలు మొన ఉన్న పొట్టి కొసతో కదిలించి, వదులయ్యాక మాత్రమే గుండు కొసతో తిప్పండి. బిగించేటప్పుడు వరస దీనికి తలకిందులు.