సాకెట్ కలిస్తే సరిపోదు: ప్రాసెసర్ కొనే ముందు మీ బోర్డు జాబితా చూడండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు ఇది: విజయనగరంలో మీ ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులో హెచ్110 మదర్‌బోర్డు, దాని మీద ఐ3-6100 ప్రాసెసర్ ఉన్నాయి. తెలిసినవారి దగ్గర ఐ5-8400 సెకండ్ హ్యాండులో చవకగా వస్తోంది. రెండింటి సాకెట్టూ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) 1151 అని రాసి ఉంది కాబట్టి, డిగ్రీ చదువుతున్న మీ అమ్మాయి కోసం అది కొని అదే బోర్డులో పెట్టుకోవచ్చా అని అడిగారు.

దయచేసి కొనకండి. అది మీ బోర్డులో చక్కగా కూర్చుంటుంది కానీ పనిచేయదు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, సరిగ్గా ఇదే పని నేను చేసి డబ్బు, సమయం రెండూ పోగొట్టుకున్నాను.

నేను శ్రీకాకుళంలో పెళ్ళి వీడియోల ఎడిటింగ్ చేస్తాను. 2019లో, మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యే ముందు, నా దగ్గర కూడా హెచ్110 బోర్డు, ఐ3-6100 ఉండేవి. ఐ3లో ఉన్నవి రెండు కోర్లు (ఒకేసారి పనిచేసే భాగాలు), ఐ5-8400లో ఉన్నవి ఆరు కోర్లు కాబట్టి, ఒక్క ప్రాసెసర్ మారిస్తే రాత్రంతా రెండరింగ్‌కి, అంటే ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేయడానికి, వదిలేసే పని తెల్లవారకముందే అయిపోతుందని ఆశపడ్డాను. విశాఖపట్నం వెళ్ళి, పాత సామాను అమ్మే ఒక దుకాణంలో కొన్నాను. బోర్డు ఏదని దుకాణంవారు అడిగారు, చెప్పాను. "సాకెట్ ఒకటే కదండీ, తీసి పెట్టేయడమే" అన్నారు. నాకూ అదే నమ్మకం.

ఇంటికి వచ్చి సాకెట్ పక్కనున్న లివర్‌ను ఎత్తి, ఐ3ని తీసి, కొత్తదాన్ని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని దించాను. మూలనున్న బంగారు రంగు త్రికోణం గుర్తుకు గుర్తు కలిసింది, అంచుల్లోని రెండు గాట్లూ సాకెట్ గాట్లలో కూర్చున్నాయి, లివర్ కూడా ఎప్పటిలాగే దిగింది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను, స్లాటు మార్చాను, బయోస్ (స్విచ్ వేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టాను, మానిటర్ కేబుల్ మార్చాను. రెండు రాత్రులు గడిచాక పాత ఐ3ని తిరిగి పెట్టి చూస్తే మొదటిసారికే విండోస్ తెరుచుకుంది. దుకాణంవారు వెనక్కి తీసుకోలేదు, తాము పనిచేసే సరుకే ఇచ్చామన్నారు. తరువాత ఒక హెచ్310 బోర్డు కొని పెడితే అదే ప్రాసెసర్ వెంటనే పనిచేసింది కనుక ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అడగవలసిన ప్రశ్నను అడగవలసిన చోట నేను అడగలేదు.

అసలు కారణం ఏమిటంటే, 1151 అన్న సంఖ్య సాకెట్‌లో ఎన్ని కాంటాక్టులున్నాయో చెబుతుంది, ఏ కాంటాక్టు ఏ పని చేస్తుందో చెప్పదు. ఇంటెల్ 6వ, 7వ తరం ప్రాసెసర్లు 100, 200 సిరీస్ చిప్‌సెట్ (బోర్డులోని భాగాలను కలిపి నడిపించే చిప్పు) ఉన్న బోర్డుల కోసం వచ్చాయి, మీ హెచ్110 ఆ 100 సిరీస్‌దే. 2017 అక్టోబరులో వచ్చిన 8వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు (ఐ5-8400 వీటిలోదే) ఇంటెల్ హెచ్310 లాంటి 300 సిరీస్ బోర్డులను తప్పనిసరి చేసింది. కాంటాక్టుల మొత్తం మారకపోయినా, కోర్లు పెరిగాయి కాబట్టి అంతకుముందు ఖాళీగా ఉంచిన వాటిలో కొన్నింటిని కరెంటుకు కేటాయించారు. కోర్లకు కరెంటు అందించే కాంటాక్టులు 128 నుంచి 146కు పెరిగాయి. దీనికి తోడు, హెచ్110 బోర్డు బయోస్‌లో 8వ తరం ప్రాసెసర్‌ను గుర్తించే కోడ్ ఉండదు. కొన్ని కాంటాక్టులకు టేపు అంటించి, బయోస్‌ను సొంతంగా మార్చి నడిపించినవారు ఉన్నారు. కానీ అది చదువుకునే అమ్మాయి రోజూ వాడే కంప్యూటరు మీద చేయవలసిన ప్రయోగం కాదని నా అభిప్రాయం.

మీ బోర్డును ఉంచుకోవాలనుకుంటే ఐ5-6500, ఐ7-6700 లాంటి 6వ తరంవి గానీ, బయోస్ అప్‌డేట్ చేసుకుని ఐ5-7500, ఐ7-7700 లాంటి 7వ తరంవి గానీ చూడవచ్చు. అయితే విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అధికారిక జాబితాలో ఇంటెల్ సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 8వ తరం నుంచే మొదలవుతాయి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుచేత 7వ తరం మీద ఇప్పుడు ఎక్కువ డబ్బు పెట్టమని నేను చెప్పను. ఆ ఐ5-8400 నిజంగా చవకగా వస్తుంటే, దానితోపాటు మంచి స్థితిలో ఉన్న హెచ్310 గానీ బీ360 గానీ బోర్డు కూడా దొరికితేనే తీసుకోండి. మీ ర్యామ్ డీడీఆర్4 రకం అయితే దాన్నే కొత్త బోర్డులోకి మార్చుకోవచ్చు. హెచ్110 బోర్డుల్లో కొన్ని డీడీఆర్3వి కూడా ఉన్నాయి కాబట్టి ముందు అది చూసుకోండి.

ఇక, ఏ ప్రాసెసర్ ఏ బోర్డుకు సరిపోతుందో తేల్చుకునే పద్ధతి. అడగవలసింది సాకెట్‌ను కాదు, బోర్డును. ప్రతి తయారీదారూ తన వెబ్‌సైటులో ఒక్కొక్క బోర్డుకు విడిగా, అది ఏయే ప్రాసెసర్లను తీసుకుంటుందో ఒక పట్టిక పెడతారు. దాన్ని చూడాలంటే ముందు మీ బోర్డు పూర్తి పేరు తెలియాలి. కంప్యూటరు నడుస్తూ ఉంటే విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన గడిలో ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, బోర్డు పేరు, బయోస్ వెర్షన్, దాని తేదీ ఒకేచోట కనిపిస్తాయి. నడవకపోతే క్యాబినెట్ పక్కరేకు విప్పి టార్చి వేసి చూడండి, చాలా బోర్డుల మీద ర్యామ్ స్లాట్లకూ గ్రాఫిక్స్ కార్డు స్లాటుకూ మధ్య పెద్ద అక్షరాలతో పేరు ఉంటుంది. ఒక మూలన చిన్న అక్షరాల్లో రివిజన్ సంఖ్య ఉంటే దాన్నీ రాసుకోండి, ఎందుకంటే ఒకే పేరుతో ఉన్న బోర్డుకు రివిజన్ మారితే పట్టిక కూడా మారవచ్చు. ఆ పట్టికలో ప్రాసెసర్ సంఖ్యను చివరి అక్షరంతో సహా వెతకాలి. ఐ5-12400 వేరు, ఐ5-12400ఎఫ్ వేరు. పట్టికలో లేనిదాన్ని దుకాణదారు చెప్పినా, వీడియోలో చూపించినా, నేను చెప్పినా కొనకండి.

పేరు కనిపించగానే పట్టిక మూసేయకూడదని నాకు రెండో అనుభవం నేర్పింది. 2022లో విజయనగరంలో మా బావగారి ఫోటో స్టూడియోకి ఒక కంప్యూటరు కూర్చాను. ఇంటెల్‌కు పోటీ అయిన ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ450 బోర్డు. ఈసారి జాగ్రత్తగా తయారీదారు పట్టిక చూశాను, 5600జీ ఉంది, కొన్నాను. అన్నీ బిగించి స్విచ్ వేస్తే మళ్ళీ అదే నల్లని తెర. పట్టికలో చివరి నిలువు వరుసను నేను చదవలేదు. ఆ ప్రాసెసర్ ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో అందులో ఉంటుంది. బీ450 చిప్‌సెట్ 2018లో వచ్చింది, 5600జీ దుకాణాల్లోకి 2021లో వచ్చింది. మాకు దొరికిన బోర్డు సీలు తీయని కొత్తదే అయినా, చాలాకాలం గోడౌనులో ఉన్నది.

గంటస్తంభం దగ్గర్లో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకువెళ్ళాం. ఆయన బోర్డు మీద బయోస్ చిప్పుకు అంటించిన చిన్న స్టిక్కరు చదివి, "బోర్డు బాగానే ఉంది బాబూ, ఈ బయోస్ రాసిననాటికి మీ ప్రాసెసర్ ఇంకా పుట్టలేదు" అన్నారు. తన దగ్గరున్న పాత రైజెన్ 3 2200జీని పెట్టి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులోకి కొత్త బయోస్ ఫైలు ఎక్కించారు. మొదలుపెట్టే ముందు కంప్యూటరును యూపీఎస్‌కి కలిపారు, ఎందుకంటే బయోస్ రాస్తున్న మధ్యలో కరెంటు పోతే బోర్డు మరి లేవకపోవచ్చు. తెర మీద గీత నెమ్మదిగా నిండుతున్న ఆ నాలుగైదు నిమిషాలూ దుకాణంలో ఎవరమూ బల్లను కూడా తాకలేదు. అది పూర్తయ్యాక 5600జీ పెడితే వెంటనే తెర వెలిగింది. ప్రాసెసర్లు మార్చేటప్పుడు ఆయన ప్రాసెసర్ మీది కూలర్‌ను నేరుగా పైకి లాగకుండా కొద్దిగా అటూ ఇటూ తిప్పి వదులు చేసి తీశారు. ఈ రైజెన్‌ల సాకెట్ అయిన ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య పూసిన పేస్టు ఎండి అతుక్కుపోయినప్పుడు లాగితే కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. ఇది మీకు కూడా పనికివస్తుందని చెబుతున్నాను.

అందుకే బోర్డు కొనేటప్పుడే, ఈ ప్రాసెసర్‌కు కావలసిన బయోస్ ఇందులో ఉందా, లేకపోతే మీరే అప్‌డేట్ చేసి ఇస్తారా అని అమ్మేవారిని అడగాలి. విశాఖ నుంచి తెచ్చుకున్నవాటికి మళ్ళీ అంత దూరం తిరగడం మనకు కష్టం. కొన్ని బోర్డులకు వెనక ఫ్లాష్‌బ్యాక్ అనే మీట ఉంటుంది. ప్రాసెసర్ లేకుండానే, పవర్ సప్లై కలిపి, నిర్ణీత యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవు పెట్టి ఆ మీట నొక్కితే బయోస్ మారుతుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే నేను ఆ మీట ఉన్న బోర్డునే ఎంచుకుంటాను. ఇంకొక జాగ్రత్త: ఏఎం4 బోర్డుల్లో 16 ఎంబీ బయోస్ చిప్పులు ఉన్న కొన్నింటిలో చోటు చాలక, కొత్త బయోస్‌లో పాత ప్రాసెసర్ల మద్దతును తీసివేశారు. కాబట్టి ఇప్పుడున్న పాత ప్రాసెసర్‌నే వాడబోయేవారు అప్‌డేట్ వివరాలు చదవకుండా చేయకూడదు.

కొత్త బోర్డు అయితే పాతవన్నీ తీసుకుంటుందనీ అనుకోకండి. రైజెన్ 3 3200జీ, రైజెన్ 5 3400జీ కూడా ఏఎం4వే, అయినా బీ550 బోర్డులకు ఏఎండీ ప్రకటించిన జాబితాలో అవి లేవు. ఇంటెల్ ఎల్‌జీఏ 1200 సాకెట్‌లో 10వ, 11వ తరాలు రెండూ ఉన్నా, హెచ్410, బీ460 చిప్‌సెట్‌లు 11వ తరం కోసం చేసినవి కావు. ఎల్‌జీఏ 1700లో 12 నుంచి 14 వరకు మూడు తరాలు వస్తాయి. వాటిలో 600 సిరీస్ బోర్డు మీద 13వ లేదా 14వ తరం పెట్టాలంటే మళ్ళీ బయోస్ సంగతే చూడాలి. పైగా ఆ సాకెట్‌లో డీడీఆర్4 బోర్డులు, డీడీఆర్5 బోర్డులు విడివిడిగా ఉన్నాయి, ఒకదాని ర్యామ్ ఇంకొకదాని స్లాటులో దిగదు. ఏఎండీ ఏఎం5, ఇంటెల్ ఎల్‌జీఏ 1851 సాకెట్లు అయితే డీడీఆర్5 మాత్రమే.

ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల తెరకు బొమ్మను పంపే గ్రాఫిక్స్ ఉండవు. ఏఎం4 రైజెన్‌లో చాలావరకు జీ ఉన్నవాటికే ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు కొనని ఇంటికి ఈ ఒక్క అక్షరం చాలా ముఖ్యం. పాత కూలర్ వాడాలనుకుంటే, ఎల్‌జీఏ 1151, 1200 బోర్డుల్లో రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1700లో 78, కాబట్టి పాతది నేరుగా బిగకపోవచ్చని గుర్తుంచుకోండి.

మీరు ఈ రాత్రికి ఎంఎస్‌ఇన్ఫో32 తెరిచి, అందులో కనిపించే బోర్డు పేరు, బయోస్ వెర్షన్, తేదీ, ఇంకా ర్యామ్ డీడీఆర్3నా డీడీఆర్4నా అన్నది ఈ సమాధానం కింద రాయండి. మీ బోర్డు పట్టిక తీసి, అందులో ఉన్నవాటిలో మీ అమ్మాయి పనికి ఏది సరిపోతుందో చూసి చెబుతాను. అంతవరకు ఐ5-8400కి అడ్వాన్సు ఇవ్వకండి.