సంక్రాంతి దాకా స్పీడు జోలికి పోకు అల్లుడూ

అల్లుడూ,

అటక మీద సైకిల్ దించావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. దించిన మొదటి ఆదివారమే మైపాడు దాకా కుమ్మేసి వచ్చి, మూడు రోజులు మోకాలు పట్టుకు కూర్చున్నావని కూడా చెప్పింది. అందుకే ఇది రాస్తున్నా.

మన నెల్లూరులో సైకిల్‌కి పనికొచ్చే చలికాలం చాలా చిన్నది. నవంబరంతా వానలు, తుఫాను వస్తే డిసెంబర్ సగం దాకా అదే గోల, మార్చి వచ్చిందంటే ఎనిమిదింటికే ఎండ చుర్రుమంటుంది. మధ్యలో మిగిలేది పది వారాలు. టైం తక్కువ కదా అని మొదటి రోజు నుంచే దంచేవాళ్లు జనవరి చివరికి సైకిల్‌ని మళ్లీ అటకెక్కించేస్తారు, అలాంటివాళ్లను చాలామందిని చూశాను. ఊపిరి తొందరగానే దారికొస్తుంది, కీళ్లు అంత తొందరగా రావు, వాటికి వారాలు పడుతుంది.

ముందు సీటు చూసుకో. గోడ పట్టుకుని ఎక్కి, పెడల్ కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టు, కాలు నిటారుగా రావాలి. మోకాలు ఇంకా వంగే ఉందంటే సీటు కిందికి ఉన్నట్టు. నీకు నొప్పి మోకాలి చిప్ప ముందు అన్నావు కాబట్టి నా అనుమానం అదే. కొంచెం కొంచెంగా పైకి లేపు, ఒకేసారి లేపితే నొప్పి మోకాలి వెనక్కి మారుతుంది.

డిసెంబర్ 20 దాటాక మొదలుపెట్టు. మంగళ, గురువారాలు ముప్పావు గంట, ఆదివారం గంటన్నర, అంతే. మొదటి మూడు వారాలు పక్కనవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ తొక్కగలిగే స్పీడే నీ స్పీడు. వాచీ ఉంది కాబట్టి లెక్క కావాలంటే 220 లోంచి నీ వయసు 42 తీసెయ్, 178 వస్తుంది, అందులో అరవై నుంచి డెబ్బై శాతం, అంటే నిమిషానికి 107 నుంచి 125 మధ్య గుండె కొట్టుకోవాలి. ఇది అంచనా మాత్రమే, మాట ఆగిపోతుంటే వాచీ ఏం చెప్పినా తగ్గించెయ్. బరువు గేరు వద్దు, తేలిక గేరులో పెడల్ నిమిషానికి ఎనభై తొంభై చుట్లు తిప్పు. ఎవడో కుర్రాడు సర్రున దాటిపోతాడు, పోనీ. ఈ నెమ్మది తొక్కుడే నీకు రేపు దమ్మిస్తుంది, నా మాట నమ్ము.

వారం వారం ఆదివారం సవారీని పదో పరకో నిమిషాలు పెంచుకుంటూ పోతే నాలుగో వారం సరిగ్గా సంక్రాంతికి వస్తుంది. ఆ వారం సగానికి తగ్గించి, అరిసెలు తిని పడుకో. ఒళ్లు గట్టిపడేది విశ్రాంతిలోనే.

పండగ అయ్యాక గురువారం ఒక్కరోజు గట్టిగా తొక్కు. పావుగంట ఒళ్లు వేడెక్కాక, రెండు మాటలకి మించి పలకలేనంత బలంగా నాలుగు నిమిషాలు, తర్వాత మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగుసార్లు. మనకి ఊళ్లో ఎత్తులు లేవు, గాలే మన కొండ. ఎండెక్కేకొద్దీ సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, కాబట్టి గట్టి తొక్కుడు ఆ గాలికి ఎదురుగా పెట్టుకో. దీనికి ముందు ఒకసారి బీపీ, షుగర్ చూపించుకుని డాక్టర్‌ని అడుగు, ఈ వయసులో అది తప్పదు.

దారి సంగతి జాగ్రత్త. ఇది నాట్ల కాలం, దమ్ము చేసి మడిలోంచి రోడ్డెక్కిన ట్రాక్టర్లు చక్రాల బురద మలుపుల్లో వదిలిపోతాయి, తెల్లారి మంచుకి అది తడిసి సబ్బులా జారుతుంది. అక్కడ బ్రేకు కొట్టకు, ముందే స్పీడు తగ్గించి హ్యాండిల్ తిన్నగా పెట్టి దాటు. కృష్ణపట్నం రోడ్డు వద్దు, పోర్టు లారీలు ఎక్కువ.

గంటన్నర దాటే రోజు జేబులో అరటిపండు, రెండు పల్లీ చిక్కీలు పెట్టుకో, చలిగా ఉన్నా నీళ్లు తాగు. వారానికి రెండుసార్లు గుంజీళ్లు తీయి.

ఫిబ్రవరి చివరికి మైపాడు పోయి రావడం నీకు లెక్కలో ఉండదు. కావలి పోయి వస్తే వంద కిలోమీటర్లు దాటుతుంది, ఈ ఏడాది దానికి తొందరపడకు. పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు తొక్కే బీఆర్‌ఎం అనే దూరపు సైకిల్ సవారీ గురించి అడిగావు కదా, అది వచ్చే చలికాలం చూద్దాం.

ఆదివారం ఐదున్నరకి మా ఇంటికి రా, జొన్నవాడ దాకా కలిసి పోదాం. వెనక లైటు లేకుండా వస్తే మాత్రం గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపిస్తా.

మీ మామయ్య