మేక బడికి పోతే పోనీ

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

మీ అక్క వేసిన బొమ్మ గురించి నీవు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. దానితో పంపిన ఫోటోను మాత్రం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

బొమ్మలో మేక పలక చంకన పెట్టుకొని బడికి పోతోంది; పోవలసిన కుర్రవాడు చింతకొమ్మ మీద గూడబాతు పక్కన కాళ్ళు వేలాడేసుకొని కూర్చున్నాడు; వాడి గోలీలు గూడబాతు గొంతుసంచిలో ఉన్నాయి. నీ వ్యాసంలో ‘మధురమైన బాల్యస్మృతులు’ నాలుగుచోట్ల ఉన్నాయి గాని గోలీలు ఒక్కచోటా లేవు. తేలినీలాపురంలో పుట్టి, ఏటా వచ్చి మీ చెట్ల మీద గూళ్ళు కట్టే ఆ పక్షుల రెట్టల వాసనా, వాటి పిల్లల గోలా ఎరిగినవాడివి, వాటిని వదిలి ఈ అరువు మాటలు ఎందుకు తెచ్చుకున్నావు?

మేకను ‘స్వేచ్ఛకు ప్రతీక’ అన్నావు. మా పైడితల్లి సిరిమానోత్సవంలో తెల్ల ఏనుగు వస్తుంది. అది బండి మీద కట్టినదని తెలిసినా ఏ పిల్లవాడూ దాన్ని ఏనుగు అనక మానడు. మేకను కూడా బడికి పోనీ, విప్పి చూపించకు.

బొమ్మలో గేదె ఇంటికన్నా పెద్దదిగా ఉండడాన్ని ‘చిత్రకారిణి చమత్కారం’ అని ఒక్క మాటతో దాటేశావు. గేదె వీపు మీద బోర్లా పడుకున్న అయిదేళ్ళవాడికి ఇల్లు ఏపాటి కనిపిస్తుంది? సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మల్లోనూ దగ్గర, దూరాల లెక్క ఉండదు. అయితే అవి దేవతలకూ పితరులకూ వేసేవి, ఆటకు కాదు కనుక పోలిక అంతవరకే.

ఈ తప్పు నేనూ చేశాను. నా మొదటి కథలో మా గేదె నావైపు ‘ప్రేమగా చూసింది’ అని రాసి, మా అమ్మకు చదివి వినిపించాను. దాన్ని పదేళ్ళు పితికిన మనిషి ఆమె. “పేమేటి బావూ, కుడితి ఆలీసమైతే తన్నీది కదా!” అని నవ్వి, మోకాలి కింద మచ్చ చూపించింది. ఆ వాక్యం కొట్టేసి మచ్చ గురించి రాశాక గాని ఆ కథలో గేదె నిలబడలేదు.

వ్యాసం మళ్ళీ రాసి పంపు. ఫోటోలో నాకు మూడు గోలీలే కనిపిస్తున్నాయి. ఇంకొకటి గూడబాతు మింగిందేమో, మీ అక్కను అడిగి రాయి.