వెస్ట్ వర్జీనియాలోని మెక్‌డొవెల్ కౌంటీ ఎందుకు ఖాళీ అయింది?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, బొగ్గు తవ్వే పని మనిషి నుంచి యంత్రానికి మారింది.

అమెరికాలో కౌంటీ అంటే దాదాపు మన జిల్లా లాంటిది. మెక్‌డొవెల్ ఆ రాష్ట్రానికి దక్షిణపు కొసన, అపలాచియన్ కొండల్లో ఉంది. చదును నేల చాలా తక్కువ కాబట్టి ఊళ్ళు వాగుల వెంట సన్నగా సాగి ఉంటాయి. పెద్దగా సాగుకు చోటు లేదు, ఉన్నదల్లా బొగ్గే.

19వ శతాబ్దం చివర్లో రైలు రావడంతో గనులు తెరిచారు. దక్షిణాది నల్లజాతి కూలీలు, ఇటలీ, హంగరీల నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ స్థిరపడ్డారు. ఉండే ఇల్లు కంపెనీదే, సరుకులు కొనే కొట్టూ కంపెనీదే. గని కార్మికుల పక్షాన నిలబడ్డ పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్‌ను 1921 ఆగస్టు 1న ఈ కౌంటీలోని వెల్చ్ పట్టణంలో కోర్టు మెట్ల మీదే కాల్చి చంపారు.

1950లో జనాభా 98,887. తర్వాత యంత్రాలొచ్చి పనులు పోయాయి. 1961లో కెనెడీ ప్రభుత్వం పేదలకు ఫుడ్ స్టాంపులు, అంటే తిండి సరుకులు కొనుక్కునే కూపన్లు, ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వాటిని అందుకున్న తొలి కుటుంబం ఈ కౌంటీదే. ఇంట్లో 15 మంది, చేతికి 95 డాలర్ల స్టాంపులు. మొదట కొన్నది ఒక బీన్స్ డబ్బా. దేశానికి బొగ్గు తవ్విచ్చిన చోట ఆ పరిస్థితి రావడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

2020 లెక్కల ప్రకారం అక్కడ మిగిలింది 19,111 మంది.